డీజే లేని జాతర మన రాష్ట్రంలో ఇంకా ఎక్కడైనా ఉందా?

ఒంగోలుగిత్త
ఆగస్టు 3, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ ఇన్నేళ్ళలో ఒక్క ముక్కా రాయలేదు. ఇవాళ కడుపు మండి రాస్తున్నా.

పుణెలో ఉద్యోగం. మా ఊళ్ళో అమ్మవారి కొలుపులు చేస్తున్నారని, పిల్లాడికి చూపిద్దామని పోయిన నెల వెళ్ళాం. ముందు ఒక లారీ, దాని మీద ఇంటి ఎత్తున బాక్సులు. ఏ సినిమా పాటో కూడా తెలీలేదు, గుండెలో దడదడ తప్ప. లారీ వెనక కుర్రాళ్ళు, కుర్రాళ్ళ వెనక అమ్మవారి బండి. బండి వెనక ఐదుగురు డప్పులోళ్ళు. డప్పులు చంకన పెట్టుకుని నడుస్తున్నారు. కొట్టడం లేదు. కొట్టినా వినపడదు.

మావాడికి ఏడేళ్ళు. "అవి ఎందుకు మోస్తున్నారు నాన్నా?" అన్నాడు. ఏం చెప్పాలి?

దసరా నుంచి సంక్రాంతి లోపల నాలుగైదు రోజులు సెలవు దొరుకుతుంది. ఎండాకాలంలో ఇంకో వారం. ఆంధ్రాలో ఎక్కడికి వెళ్తే మనుషులు కొట్టే వాయిద్యం మనిషి చెవితో వినొచ్చు? నెట్లో దొరికే పండగల జాబితాలు వద్దు. మీరు విన్నవి చెప్పండి.


కోనసీమకుర్రోడు
ఆగస్టు 3, రాత్రి 10:40

ఆయ్, కనుమకి మా జగ్గన్నతోట వచ్చేయండి. ఇంక వేరే ఆలోచనే వద్దు.

అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర. గుడీ ఉండదు, గోపురమూ ఉండదండి, కొబ్బరితోటే. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ నుంచి పదకొండు మంది రుద్రులు ప్రభల మీద వస్తారు. వ్యాఘ్రేశ్వరం ప్రభ పెద్దది. అది తోటలోకి రాగానే మిగతా ప్రభలన్నీ ఒక్కసారి పైకెత్తి దింపుతారు. పెద్దాయన వస్తే లేచి నిలబడినట్టన్నమాట. 2023 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ఇదే.

కానీ మీరు తోటలో నిలబడి చూడకండి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు ఎగువ కౌశిక కాలవ దాటే చోటుకి వెళ్ళండి. అంత ఎత్తు ప్రభ, వెదురు బద్దలూ రంగుల గుడ్డలూ గంటలూ కట్టింది, భుజాల మీద పెట్టుకుని నీళ్ళలోకి దిగుతారు. మోసేవాళ్ళకి గెడ్డం దాకా నీళ్ళు. "అశ్శరభ శరభ" అని కేకలు. ఆ కేకకీ, ఒడ్డున వీరణం డోలు దెబ్బకీ లెక్క కుదిరితేనే అడుగు పడుతుంది. అవతల గట్టెక్కాక వరిచేలో నుంచే నడక. ఆ రోజు చేను తొక్కారని మా రైతు ఎవర్నీ ఏమీ అనడు.

డీజే లేదని ఒట్టేసి చెప్పనండి. రోడ్డు మీద ఉంటాయి. కానీ లారీ నీళ్ళలోకి దిగలేదు కదా!


గుంటూరుకారం
ఆగస్టు 3, రాత్రి 10:51

"లారీ నీళ్ళలోకి దిగలేదు". ఇదే అసలు సూత్రం గురూ. లారీ పోలేని చోటుకి పోవాలి.

కోటప్పకొండ తిరునాళ్ళు మాత్రం ఈ లెక్కలో పెట్టకండి. శివరాత్రికి వచ్చే ప్రభలు కళ్ళకి పండగే, ఎనభై తొంభై అడుగుల ఎత్తున కరెంటు దీపాలు. చెవుల సంగతి దేవుడెరుగు. ప్రతి ప్రభ దగ్గరా ఒక స్టేజీ, స్టేజీకో మైకు. పక్కన మనిషి ఏమంటున్నాడో తెలీదు.


నాగావళిఒడ్డు
ఆగస్టు 4, ఉదయం 6:30

మాది విజీనారం జిల్లా. పైడితల్లమ్మ సిరిమాను గురించి ఇంకా ఎవరూ అనలేదేటి?

విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం సిరిమానోత్సవం. చింతమాను ఎక్కడుందో అమ్మవారు పూజారి కలలో చెబుతారు, ఆ మానునే తెచ్చి హుకుంపేటలో చెక్కుతారు. యాభై అరవై అడుగుల మాను చివర పీట మీద పూజారి కూర్చుంటే, మూడు లాంతర్ల జంక్షన్ దగ్గరున్న చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల. జనం మాను మీదకి అరటిపళ్ళు విసురుతారు. ఇదంతా టీవీలో వస్తాది.

టీవీలో రానిది చెబుతాను. మంగళవారం కాదు, సోమవారం రండి. దాన్ని తొలేళ్ళు అంటాం. ఆ రాత్రి ఘటాలు కోటలోకి వెళ్తాయి, పూజయ్యాక రైతులకి విత్తనాలు పంచుతారు. మా తాత ఆ గుప్పెడు ధాన్యం తెచ్చి ఇంట్లో విత్తనపు బస్తాలో కలిపీవోడు. ఆ రాత్రంతా ఊళ్ళ నుంచి వచ్చిన జట్లు సందుసందునా ఆడతాయి. తప్పెటగుళ్ళు ఉంటాయి. మా యాదవులు ఆడతారు. రేకుతో చేసిన గుండ్రటి తప్పెట గుండెకి కట్టుకుని రెండు చేతుల్తో వాయిస్తారు, కాళ్ళకి గజ్జెలు. పదిహేను ఇరవై మంది ఒకేసారి ఎగిరి దిగితే నేల అదురుతాది. ఒకడి భుజాల మీద ఒకడెక్కి నిలబడతారు, అక్కడా వాయింపు ఆపరు.

మంగళవారం లక్షల జనం, చూసేది మానుని. సోమవారం రాత్రి వినేది మనుషుల్ని. నిలబడ్డానికి చోటూ ఉంటాది.


సీమబిడ్డ
ఆగస్టు 4, ఉదయం 9:15

ఎవరూ సీమ వైపు చూడరు, మామూలే గదా. 😀

అనంతపురంలో ఉరుములు వినండి సామీ. పేరే ఉరుము. రెండు మొహాల వాయిద్యం. ఒక పక్క కొడతారు, ఇంకో పక్క వంకర పుల్లతో తోలుమీద రాస్తారు. ఆ రాపిడికి వచ్చే మోత దూరాన మబ్బు గర్జించినట్లే ఉంటాది. అక్కమ్మ, గంగమ్మ కొలువుల్లో వాయిస్తారు. చిన్నప్పుడు మా అవ్వ ఆ చప్పుడు వింటూనే బయట ఆరేసిన వేరుశనక్కాయలు లోపలికి తెచ్చేసింది. నిజంగా. ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటాం.

పీర్ల పండక్కి నార్పల మండలం గూగూడు పోండి. కుళ్ళాయిస్వామి. నిప్పుల గుండం తొక్కేవాళ్ళలో హిందువులే ఎక్కువ కనపడతారు. శివరాత్రి జాగరణ చేసే అలవాటుంటే ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మల వాళ్ళని కనుక్కోండి. ఆ ఊరాయన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది.

దేవరగట్టు బన్నికి మాత్రం పిల్లోణ్ణి తీసుకుపోవద్దు. దసరా రాత్రి కర్రల సమరం. ఏటా తలలు పగుల్తాయి.


తాతయ్యగుంట
ఆగస్టు 4, ఉదయం 11:02

వేసవి సెలవు కూడా ఉందన్నారు కాబట్టి మా తిరుపతి గంగమ్మ జాతర. మే నెలలో వస్తుంది, వారం రోజులు. రోజుకో వేషం: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు. మీసాలున్న మగాళ్ళు చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుని వీధుల్లో నడుస్తారు. బ్యాంకులో పని చేసే మా పక్కింటాయన ఏటా మాతంగి వేషం వేస్తాడు, మొక్కు. ఆ వారం ఆయన్ని ఎవరూ పేరుతో పిలవరు, అమ్మా అనే అంటారు. గంగమ్మ వెంకన్న చెల్లెలు, అందుకే కొండ మీద నుంచి సారె వస్తుంది.

వాయిద్యం అంటే పలకలు, పంబ. బైరాగి వేషం నాడు పొద్దున్నే రండి, ఇరుకు సందుల్లో. పెద్ద రోడ్డు మీద చివరి రోజు మీరు చెప్పిన లారీలు మాకూ ఉన్నాయి.


గుంటూరుకారం
ఆగస్టు 4, ఉదయం 11:20

పలకలు అంటే డప్పులేనా? మేం కనకతప్పెట అంటాం. నాగావళి గారి తప్పెట మళ్ళీ వేరే. ఒక్క రాష్ట్రంలో ఇన్ని పేర్లేంటయ్యా.


సౌండుబాబాయ్
ఆగస్టు 4, మధ్యాహ్నం 1:48

అందరూ తిట్టడం అయిపోయిందా? నాది టెంట్‌హౌస్, ఒక డీజే బండి కూడా ఉంది. నా వైపు కూడా వినండి.

బండి నేను తీసుకొచ్చి మీ ఊళ్ళో వదల్లేదు. మీ ఊరి కుర్రాళ్ళు చందాలు పోగేసి, పక్క ఊరికంటే రెండు బాక్సులు ఎక్కువ పెట్టమని బేరం చేసి పిలుస్తారు. అప్పు చేసి కొన్నా. రాత్రి పది దాటాక పోలీసులొచ్చి యాంప్లిఫయర్ పట్టుకెళితే నష్టం నాది, కమిటీది కాదు. గొడవైతే ముందు పగిలేది నా మిక్సరే.

ఇంకో మాట. డప్పు జట్టంటే పది మంది. వాళ్ళకి భోజనం, వ్యాను, మందు. నా బండికి ముగ్గురం. కమిటీ లెక్క చూసుకుంటుంది. తప్పెవరిది?


ప్లీడరుగుమస్తా
ఆగస్టు 4, మధ్యాహ్నం 2:10

పది గంటల సంగతి వచ్చింది కాబట్టి: 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా మైకులు నిషేధం. పండగలకి ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. 2005లో సుప్రీంకోర్టు కూడా దీన్నే గట్టిగా చెప్పింది.

కాబట్టి గిత్త గారూ, ఇంకో సూత్రం. అర్ధరాత్రి దాటాక వెళ్ళండి. చట్టప్రకారం మిగిలేది తోలు వాయిద్యమే. 🙂 (మైకు లేని డప్పు కూడా రాత్రిపూట శబ్దం కిందికే వస్తుందని ఎవరైనా వాదిస్తే నేను లేను.)


పలకమోత
ఆగస్టు 4, రాత్రి 11:35

పొద్దున్నుంచి చదువుతున్నా. రాయాలా వద్దా అని ఇంతసేపు.

మా తాత పలక కొట్టేవాడు. మా నాయన కొట్టేవాడు. నేను కాలేజీ చదివేటప్పుడు దసరా సెలవుల్లో కొట్టా. ఇప్పుడు వేరే ఊళ్ళో ఉద్యోగం.

మీరంతా "అసలు వాయిద్యం" అంటున్నారు. బాగుంది. మా తాత జాతరలో రాత్రంతా కొట్టి, పొద్దున్నే గుడి బయట చెట్టు కింద ఆకులో అన్నం తినేవాడు. గుడి లోపలికి ఆయన కొట్టిన మోత పోతుంది, ఆయన పోకూడదు. పెళ్ళికీ మేమే, చావుకీ మేమే. ఊళ్ళో చాటింపుకీ మేమే. ఈ మాట ఈ చర్చలో ఇప్పటిదాకా ఎవరూ అనలేదు.

మా తమ్ముడు పలక ముట్టడు. వాడు డీజే బండి మీద పని చేస్తాడు. ఎందుకురా అంటే, "బండి మీద నుంచుంటే ఎవడూ నన్ను ఏ పేటోడివని అడగడు" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. సౌండుబాబాయ్ గారి లెక్కలో ఇది కూడా కలుపుకోండి.

గిత్త గారూ, లారీ పోలేని చోటుకి పోవాలి అంటున్నారు. లారీ పోలేని చోట మేం ఉండం సార్. మమ్మల్ని పిలిచి, చెప్పిన డబ్బులు ఇచ్చి, పంక్తిలో కూర్చోబెట్టిన చోట ఉంటాం. మీ ఊళ్ళో ఆ ఐదుగురు చంకన పెట్టుకుని నడిచారన్నారే, వాళ్ళకి ఆ రోజు కూలి ఇచ్చారో లేదో కనుక్కున్నారా?


ఒంగోలుగిత్త
ఆగస్టు 5, ఉదయం 7:05

కనుక్కోలేదు. రాత్రి మీ పోస్టు చదివాక ఊళ్ళో బాబాయికి ఫోన్ చేశా. ఇచ్చారట, "ఆచారానికి" కొంత. ఎంతో చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. భోజనం సంగతి అడిగితే "వాళ్ళకి విడిగా పంపాం కదా" అన్నాడు.


నాగావళిఒడ్డు
ఆగస్టు 5, ఉదయం 8:20

పలకమోత గారు చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. ప్రభుత్వం డప్పు కళాకారులకి పింఛను ఇస్తంది, నాలుగు వేలు చేశారు ఇప్పుడు. మంచిదే గానీ, వాయించినందుకు ఊరు ఇచ్చే డబ్బూ, వయసైపోయాక సర్కారు ఇచ్చే డబ్బూ ఒకటి కావు.


సీమబిడ్డ
ఆగస్టు 5, ఉదయం 9:40

పలకమోతన్నా, ఒకటి అడుగుతా, వేరేగా అనుకోవద్దు. ఇప్పుడు ఫైబర్ డప్పులు వచ్చినాయి గదా. వాటికి మోత వస్తుందా నిజంగా?


పలకమోత
ఆగస్టు 5, రాత్రి 9:50

వస్తుంది. వానకి తడిసినా ఏం కాదు, మంట అక్కర్లేదు, తేలిక. ఊరేగింపులో నాలుగు గంటలు మోసేవాడికి అదే సుఖం. నేనేం తప్పు పట్టను.

తోలు పలక వేరే సంగతి. చల్లగాలికి మెత్తబడిపోతుంది, కొడితే దబ్ అని తడి బట్ట మీద కొట్టినట్టు ఉంటుంది. అప్పుడు వరిగడ్డి మంట వేస్తారు. పలకని మంట పైన చుట్టూ తిప్పుతూ కాస్తారు, ఒకేచోట ఆపకూడదు, ఆపితే తోలు కాలి చిట్లుతుంది. మా నాయన మధ్యమధ్యలో వేలితో మీటి చెవి దగ్గర పెట్టుకునేవాడు. ఠంగ్ అనేదాకా. ఆ ఠంగ్ రాగానే మిగతా వాళ్ళ వైపు చూసేవాడు, అంతే, మాట్లాడేవాడు కాదు. తర్వాత కుడిచేతిలో లావు పుల్ల, ఎడమచేతిలో సన్నపుల్ల. లావుది నడక చెబుతుంది, సన్నది మాట్లాడుతుంది. అరగంటకి మళ్ళీ మెత్తబడుతుంది, మళ్ళీ మంట. రాత్రి జాతరలో ఏ మూల మంట కనపడితే ఆ మూలకి పోండి, అక్కడ మేళం మొదలవబోతోందని లెక్క.

ఇది చాలు గిత్త గారికి. చిరునామా అడిగారుగా.


వాయులీనం
ఆగస్టు 6, సాయంత్రం 5:15

తోలు వాయిద్యాల మధ్య తీగ వాయిద్యం వాడిని, క్షమించండి.

గిత్త గారు విజయనగరం వెళితే తొలేళ్ళు రాత్రి పూట. పగలంతా ఏం చేస్తారు? మహారాజా సంగీత కళాశాల చూడండి. 1919లో పెట్టారు. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ఆ తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు. ఘంటసాల, సుశీల అక్కడ చదువుకున్నవాళ్ళే. సెలవుల్లో తలుపులు వేసి ఉండొచ్చు, ఫోన్ చేసుకుని వెళ్ళండి.

ఇంకో రోజుంటే బొబ్బిలి దగ్గర గొల్లపల్లి. వీణలు చేసే ఊరు. బొబ్బిలి వీణ ఒకే పనస దుంగ నుంచి తొలుస్తారు, కుండా దండీ అతుకు లేకుండా. సగం తొలిచిన వీణ పడవలా ఉంటుంది. మీ పిల్లాడు దాన్ని పడవే అంటాడు చూడండి.

చివరిగా, ఒంగోలు వాళ్ళు సన్నాయి కోసం ఊళ్ళు తిరగడం చూస్తే నవ్వొస్తోంది. నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా పుట్టిన కరవది మీ పక్కనే కదండీ! శ్రీరంగంలో స్థిరపడ్డారు గానీ ఊరు మీదే. 2020లో పద్మశ్రీ వచ్చిన కాలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులదీ ఆ సంప్రదాయమే. రామాలయం ముందు నాదస్వరం ఊదేది ముస్లిం కుటుంబాలు. మీ ప్రాంతంలో ఇది వింతే కాదు.


ఒంగోలుగిత్త
ఆగస్టు 6, రాత్రి 9:00

కరవది! మా అత్తగారి ఊరికి ఆ రోడ్డు మీదే వెళ్తాం. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆగలేదు.

నిర్ణయించేశా. ఈసారికి తొలేళ్ళు. కనుమకి సెలవు దొరికితే కౌశిక గట్టు.


కోనసీమకుర్రోడు
ఆగస్టు 6, రాత్రి 9:04

దొరక్కపోతే జ్వరం అని చెప్పి వచ్చేయండి. ఆయ్.


ఒంగోలుగిత్త
అక్టోబర్ 12, రాత్రి 11:20

వెళ్ళొచ్చాం. ఇక్కడ చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.

నాగావళి గారూ, మీరన్నది నూటికి నూరుపాళ్ళు. సోమవారం రాత్రి మూడు లాంతర్ల నుంచి కోట వైపు నడిచాం. మెయిన్‌రోడ్డు మీద మైకుల గోల ఉంది, లేకపోలేదు. పలకమోత గారి మాట గుర్తొచ్చి మంట కోసం వెతికాం. ఒక సందు చివర చిన్న మంట కనపడింది, చుట్టూ నలుగురు వంగి డప్పులు కాస్తున్నారు. మావాడు వాళ్ళ పక్కనే గొంతుకూర్చున్నాడు. ఒకాయన డప్పు వీడి చెవి దగ్గర పెట్టి వేలితో మీటాడు. "ఇప్పుడు మోగుతాది" అన్నాడు. మోగింది. వాడు రెండు చేతుల్తో చెవులు మూసుకుని నవ్వాడు. లారీ దగ్గర కూడా చెవులే మూసుకున్నాడు, కానీ నవ్వలేదు.

తప్పెటగుళ్ళ జట్టు దగ్గర గంటన్నర నిలబడ్డాం. వాళ్ళందరి మధ్యలో ఒక ముసలాయన మాత్రం ఎగరలేదు, మోకాళ్ళు పోయాయట, నిలబడే వాయించాడు. మొత్తం జట్టు ఆయన మొహం చూసి తాళం మార్చుకుంటోంది.

ఇంకో మూల ఒకామె కథ చెబుతోంది, పక్కన ఒకతను చంకలో కుండలాంటిది ఇరికించుకుని తీగ లాగుతూ వాయిస్తున్నాడు. జుమ్ జుమ్ మని. అదేంటో తెలీలేదు, రికార్డింగ్ పెడుతున్నా.


నాగావళిఒడ్డు
అక్టోబర్ 13, ఉదయం 6:10

అది జముకు! ఎల్లమ్మ కథ చెబుతున్నట్టున్నారు, రెండో నిమిషంలో పేరు వినిపిస్తంది. ఇప్పుడు వాయించీవాళ్ళు బాగా తగ్గిపోయారు. మీ అదృష్టం బాబూ. ఆ రికార్డింగ్ చెరిపీకండి.


ఒంగోలుగిత్త
అక్టోబర్ 13, రాత్రి 8:45

చెరపను.

పలకమోత గారూ, మీతో ఒక పని. వచ్చే కొలుపులకి మా కమిటీతో మాట్లాడా. డీజే మానరట, అప్పుడే బుక్ చేశారు. చాలా పోట్లాడితే చివరికి బండి గుడి దగ్గర కదిలే ముందు రెండు గంటలు లారీ ఆపుతామన్నారు. ఆ రెండు గంటలకి డబ్బు నేను పెట్టుకుంటా. భోజనం అందరితో పాటు పంక్తిలోనే అని చెప్పా. ఇద్దరు ముగ్గురు మొహాలు మాడ్చుకున్నారు, కానీ కాదనలేదు.

మీ వాళ్ళు ఎవరైనా వస్తారా? అడ్వాన్సు ఎంత పంపాలి?


సౌండుబాబాయ్
అక్టోబర్ 13, రాత్రి 9:02

రెండు గంటలు జనరేటరు ఆపితే నాలాంటోడికి డీజిల్ మిగులుతుంది. నా ఓటు కూడా మీకే.


పలకమోత
అక్టోబర్ 13, రాత్రి 11:58

మా వాళ్ళెందుకు సార్? చిత్తూరు నుంచి ఒంగోలు రావాలా. ఆ ఐదుగురు మీ ఊళ్ళోనే ఉన్నారు కదా. బాబాయికి ఫోన్ చేసి కబురు చెయ్యకండి, మీరే వాళ్ళ ఇంటికి వెళ్ళి అడగండి. అడ్వాన్సు ఎంతో వాళ్ళే చెబుతారు, బేరం ఆడకండి.

వరిగడ్డి రెండు మోపులు ముందే తెప్పించి గుడి దగ్గర పెట్టించండి. తడి గడ్డి వద్దు, పొగ వస్తుంది గానీ కాక రాదు.